కారెంపూడి దారిలో కైమా ఉండలు

పల్నాడు వెళ్లేవాళ్లు సాధారణంగా ఏదో ఒక ఘనమైన పని మీద వెళతారు. కొందరు మాచర్ల చెన్నకేశవస్వామిని సేవించుకోవడానికి వెళతారు. కొందరు సాగరం ఆనకట్టా, నాగార్జునకొండా చూసి, వచ్చేదారిలో ఎత్తిపోతల దగ్గర ఫొటోలు తీయించుకుంటారు. చరిత్ర తెలిసినవాళ్లు కారెంపూడి వీరుల గుడికి వెళతారు. నేను మాత్రం కిందటి కార్తీకమాసం చివర, చేతిసంచీలో ఒక పాస్తా పొట్లం పెట్టుకుని పల్నాడు వెళ్లాను. నవ్వకండి. కారణం చెబుతాను.

కారెంపూడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూళ్లో మా అక్కయ్య ఉంటున్నది. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, మనవడు వచ్చి వారమైందిరా. అరటిపండూ, బిస్కత్తూ తప్ప ఇంకొకటి ముట్టడం లేదు. ఏం కావాలిరా నాన్నా అంటే మీటు బాలు, పాస్తా అంటాడు. బాలు అంటే బంతి అని నాకు తెలుసు. తినే బంతి ఏమిట్రా?"

మా మేనల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, పిల్లవాణ్ణి తల్లి దగ్గర వదిలి, ఏవో కాగితాల పని మీద హైదరాబాదు వెళ్లాడు. వచ్చింది కార్తీకమాసం. అక్కయ్య ఆ నెల పొడుగునా ఇంట్లో నీచు ఉడకనివ్వదు. పిల్లవాడు చూస్తే పప్పూ, చారూ చూసి మొహం తిప్పేసుకుంటున్నాడు. ఇదీ సంగతి.

"మాంసం ఉండలు, అక్కయ్యా. కోడిమాంసం కైమా కొట్టి, ఉండలు చేసి, టొమాటో పులుసులో ఉడికిస్తారు" అన్నాను.

"అంటే కైమా ఉండలా! ఆ మాత్రం దానికి బాలూ గీలూ ఎందుకురా? మా అత్తగారు బతికున్నప్పుడు నెలకోసారి చేసేది. మరి ఆ పాస్తా ఏమిటి?"

దానికి టెలిఫోనులో సమాధానం చెప్పడం నా వల్ల కాలేదు. "నేనే పట్టుకొస్తాను" అన్నాను. రిటైరైనవాడికి ప్రయాణానికి ఇంతకంటె పెద్ద సాకు అక్కరలేదు కదా!

అమావాస్యనాడు గుంటూరులో రైలెక్కి నరసరావుపేటలో దిగాను. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైంది. ఆఫీసుల బోర్డులు కొత్తవి; బజారు సందడి మాత్రం పాతదే. అల్లంత దూరాన కోటప్పకొండ. ఎటువైపు నుంచి చూసినా మూడు శిఖరాలూ కనబడతాయని ఈ ప్రాంతంవాళ్లు గర్వంగా చెబుతారు. శివరాత్రికి ఆ కొండకు వెళ్లే ప్రభలను చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. బజారులో ఒక పెద్ద దుకాణంలో పాస్తా పొట్లం దొరికింది. దాన్ని భద్రంగా సంచీలో పెట్టుకుని కారెంపూడి బస్సెక్కాను.

పల్నాటి దారిని చూస్తూ పోవడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. చేలగట్ల మీద నాపరాళ్లు నిలబెట్టి కంచె కట్టడం ఇక్కడే చూడాలి. రాయే కంచె, రాయే అరుగు, రాయే ఇంటికప్పు. పత్తి విచ్చి చేలు తెల్లగా ఉన్నాయి. మిరపతోటలు పచ్చగా, నిండుగా ఉన్నాయి. రోడ్డు పక్కనే కొంతదూరం సాగర్ కాలువ మనతో పరిగెత్తి, మళ్లీ ఎటో వంపు తిరిగిపోతుంది.

ఈ కాలువ లేని రోజుల్లో పల్నాడు ఎట్లా ఉండేదో శ్రీనాథుణ్ణి అడగాలి. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో పాడి ఈ నేలకు కీర్తి తెచ్చిన ఆ మహాకవే, ఆయన పేర చెప్పుకునే చాటువుల్లో ఇక్కడి రాళ్లనూ, జొన్నకూటినీ, తేళ్లనూ, పాములనూ లెక్కపెట్టి మరీ వెక్కిరించాడు. సన్నన్నం అలవాటైన నాలుకకు జొన్నకూడు గొంతు దిగలేదు కాబోలు! 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టారు. ఆ నీళ్లు వచ్చాక జొన్నకూడు వెనకబడి వరి అన్నం ముందుకొచ్చింది. ఇప్పుడు జొన్నసంకటి తినాలంటే హోటలుకు వెళ్లి, నాటుకోడి పులుసుతో పాటు ఖరీదు పెట్టి కొనుక్కోవలసిన కాలం వచ్చింది. శ్రీనాథుడు ఉంటే ఏమనేవాడో!

కాలువ అన్నం తెచ్చింది. అన్నంతో పాటు వంతుల తగాదాలు కూడా తెచ్చింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇన్ని ఆలోచనలతో దిగవలసిన ఊరు రాగానే గబగబా దిగాను. బస్సు దుమ్ములేపుకుంటూ వెళ్లిపోయింది. అప్పుడు చూసుకున్నాను. గొడుగు ఉంది. చెంబు ఉంది. సంచీ బస్సులో ఉంది!

మా అక్కయ్య నన్నేమీ అనలేదు. నా చిన్నతనం నుంచీ నన్ను ఎరిగిన మనిషి. పిల్లవాడు మాత్రం నా చేతుల వంక చూసి, ఖాళీ చేతుల మీదనుంచి కళ్లు నా మొహం మీదికి తిప్పి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఏడ్చినా ఇంత బాధ ఉండేది కాదు. చిన్నవాడి భుజాలు చొక్కాలో వదులుగా కనిపించాయి. రాత్రి పాలు కూడా సగం వదిలేశాడు. అక్కయ్య గ్లాసు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"పదిరోజులకి ఒకసారి కాదురా, మూడేళ్లకి ఒకసారి వస్తాడు. నాయనమ్మ ఇంట్లో పస్తులున్నానన్న మాటే గుర్తుంచుకుని పోతాడు" అన్నది.

"ఆ పాస్తా అనేది మనమే చేద్దాం అక్కయ్యా. అది గోధుమపిండే" అన్నాను. అన్నానే గాని, నాకూ అంత ధైర్యం లేదు.

మర్నాడు మార్గశిర శుద్ధ పాడ్యమి. తెల్లవారుజామున అక్కయ్య ఊళ్లో ఆడవాళ్లతో కలిసి కాలువకు వెళ్లి, అరటిదొప్పల్లో దీపాలు వదిలి, పోలిని స్వర్గానికి పంపించి వచ్చింది. ఆమె వ్రతం ఆ దీపాలతో తీరింది. మా బావగారు అప్పటికే నాటుకోడిని తెచ్చి తయారుగా ఉన్నారు.

"బావగారూ, ఫారంకోడి అయితే మెత్తగా ఉంటుందేమో" అని నసిగాను.

"పల్నాటిలో ఉండి ఫారంకోడి తినడమా! కోడి కోసం రాజ్యాలు పోగొట్టుకున్న గడ్డ ఇది" అన్నారు బావగారు.

ఆ మాట నిజమే. పన్నెండో శతాబ్దంలో అనుగురాజు కొడుకులు నలగామరాజు గురజాలలోనూ, మలిదేవరాజు మాచర్లలోనూ ఏలారు. తండ్రి ఒకడే, తల్లులు వేరు. అటు మంత్రిణి నాయకురాలు నాగమ్మ, ఇటు మంత్రి బ్రహ్మనాయుడు. పందెంలో బ్రహ్మనాయుడి కోడి ఓడిపోయింది. మలిదేవుడి పక్షం ఏడేళ్లు అరణ్యవాసం చేసింది. గడువు తీరి రాజ్యం అడగడానికి వచ్చిన రాయబారి అలరాజును విషం పెట్టి చంపారు. కడపటికి కారెంపూడిలో నాగులేటి ఒడ్డున అన్నదమ్ముల సేనలు ఒకదాన్నొకటి తుడిచిపెట్టుకున్నాయి. 1947లో ఒకసారి, 1966లో మరొకసారి ఈ కథ సినిమాగా వచ్చింది. కన్నాంబ నాగమ్మనూ, భానుమతి నాగమ్మనూ చూసినవాళ్లు ఎవరు గొప్ప అని ఇప్పటికీ వాదించుకుంటారు.

ఇంతకీ మన కోడి సంగతి. ఎముకలు తీసేసి, మాంసం కత్తిపీట మీద సన్నగా తరిగాం. ఎముకలు పారేయకుండా నాలుగు మిరియాలు, ఉప్పు, నీళ్లు పోసి పొయ్యి మీద పడేసింది అక్కయ్య. "పులుసుకి రసం ఇందులోంచే తీస్తాను" అన్నది. తరిగిన ముక్కలను మిక్సీలో వేసింది. నాటుకోడి కదా! మిక్సీ ఒక్క మూలుగు మూలిగి, కాలిన వాసన వేసి, ఊరుకుంది.

"రోట్లో కొట్టాలి" అన్నాను.

అక్కయ్య మాట్లాడలేదు. బావగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ఇంటి సంగతి చెప్పాలి. ఒకప్పుడు అది ఒకటే లోగిలి. బావగారికి ఒక తమ్ముడు. తల్లిదండ్రులు పోయాక ఇల్లు పంచుకున్నారు. మంచిగానే పంచుకున్నారు. కాని పన్నెండేళ్ల కిందట ఒక ఎండాకాలం, కాలువ చివరి భూములకు నీళ్లు అందని రోజుల్లో, ఒక రాత్రి తమ్ముడి వంతు నీళ్లు అన్న చేలోకి మళ్లాయి. ఎవరు మళ్లించారో ఈనాటికీ తేలలేదు. "నువ్వే" అన్నాడు తమ్ముడు. "నన్నంత మాట అంటావా" అన్నాడు అన్న. మర్నాడు వసారా మధ్యలో నాపరాళ్లతో గోడ లేచింది. ఆ గోడకు అవతలి వైపున నేలలో పాతిన రోలు ఉండిపోయింది. మా అక్కయ్య అత్తగారు కైమా కొట్టిన రోలు అదే. గోడ కట్టినవాళ్లు రోలు సంగతి ఆలోచించలేదు. అప్పటినుంచీ ఈ ఇంట్లో పెళ్లికి వాళ్లు రాలేదు. ఆ ఇంట్లో పురుడుకు వీళ్లు వెళ్లలేదు. తోడికోడళ్లిద్దరూ కాలువగట్టున దీపాలు వదులుతారు. ఒకరి దీపం ఒకరు చూడరు.

మేం ముగ్గురం ఇట్లా మౌనంగా ఉండగా, పిల్లవాడు అడిగాడు.

"తాతయ్యా, రోలు అంటే?"

చెప్పాను. రాయి, గుంట, రోకలి, అన్నీ చేతులతో చూపించి చెప్పాను.

"ఓ, అదా! పక్కింట్లో ఉంది. పిల్లిని పట్టుకోవడానికి వెళ్లినప్పుడు చూశాను" అన్నాడు. మేం నోరు తెరిచేలోపల మాంసం గిన్నె రెండు చేతులా పొట్టకు ఆనించుకుని వీధిగుమ్మం దాటాడు. నేను లేవబోయాను. అక్కయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

గోడ అవతలనుంచి ఏమీ వినపడలేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. బావగారి పేపరు తలకిందులుగా ఉన్నదని అప్పుడే గమనించాను. ఆ తరువాత వినిపించింది రోకలి చప్పుడు. ధన్, ధన్, ధన్. మా అక్కయ్య గోడకు చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పన్నెండేళ్లుగా ఆ రోట్లో పసుపు కొట్టినా, పచ్చడి నూరినా ఆమె వింటూనే ఉన్నది. తన వంటకోసం కొడుతుండగా వినడం అదే మొదలు.

పావుగంట తరువాత గిన్నె తిరిగి వచ్చింది. పిల్లవాడి వెనక గుమ్మం వరకు అక్కయ్య తోడికోడలు వచ్చి, గడప బయట ఆగింది.

"అల్లం, వెల్లుల్లి కూడా వేసి కొట్టాను అక్కా. అత్తయ్య గుప్పెడు పుట్నాలపప్పు పొడి వేసేది గుర్తుందా? లేకపోతే ఉండ విచ్చిపోతుంది" అన్నది, ఎటో చూస్తూ.

"గుర్తుంది. లోపలికి రా" అన్నది అక్కయ్య, పొయ్యి వంక చూస్తూ.

ఆమె ఒక్క క్షణం తటపటాయించి లోపలికి వచ్చింది. అంతే. ఇంతకంటె మాటలు జరగలేదు. ఆడవాళ్లకు చేతినిండా పని ఉంటే మాటలు అక్కరలేదు కదా!

ఇప్పుడు వంట చెబుతాను. మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు.

అరకిలో కైమాకు ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, మూడు చెంచాల పుట్నాలపప్పు పొడి, అరచెంచా మిరియాల పొడి, తగినంత ఉప్పు, ఒక గుడ్డు వేసి కలపాలి. ఎక్కువ పిసకకూడదు, పిసికితే ఉండ రాయవుతుంది. చేయి తడిచేసుకుని నిమ్మకాయంత ఉండలు చేసి అరగంట పక్కన పెట్టాలి. ఇటలీవాళ్లు పుట్నాలపప్పు స్థానంలో నానిన రొట్టె వేస్తారు. పని ఒకటే, మాంసంలోని రసాన్ని పట్టి ఉంచడం, ఉండను మెత్తగా ఉంచడం.

పులుసుకు కిలో టొమాటోలు. మా అమ్మమ్మ వాటిని రామములగ పళ్లు అనేది. వేడినీళ్లలో వేసి తోలు తీసి చిదిమాం. నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి దోరగా వేయించి, టొమాటో గుజ్జు పోసి, ఎముకల రసం రెండు గరిటెలు వేసి, చిటికెడు పంచదార వేసి, చిక్కబడేదాకా సన్నసెగ మీద ఉంచాం. చింతపండు వేయబోతే నేను అడ్డుపడ్డాను. కారం వేయబోతే పిల్లవాడు అడ్డుపడ్డాడు. చివరికి ఒక్క ఎండుమిరపకాయ తుంచి వేయడానికి రాజీ కుదిరింది.

"గుంటూరు జిల్లాలో పుట్టి ఒక్క మిరపకాయతో కూరా! బాలచంద్రుడు వింటే సిగ్గుపడతాడు" అన్నారు బావగారు.

నేను ఊరుకోలేక చెప్పాను. బాలచంద్రుడు జన్మలో మిరపకాయ చూసి ఉండడు. మిరపా, టొమాటో రెండూ అమెరికా ఖండాలవి. మిరపకాయను పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. పల్నాటి వీరుల నాలుకకు తెలిసిన ఘాటు మిరియమే. ఈ మాట బావగారికి బొత్తిగా నచ్చలేదు. మనవడికి మాత్రం నచ్చింది. "అయితే మిరపకాయ మా ఊరిదా?" అని నాయనమ్మను అడిగి, ఆ రోజంతా అదే పాట పాడాడు.

అసలు సిసలు వాసనకు ఇటలీవాళ్లు ఒక ఆకు వేస్తారు. అది మన తులసికి దాయాది అని చెప్పాను. "తులసెమ్మను కోడికూరలోనా! అందులోనూ నిన్నటిదాకా దీపం పెట్టి!" అని అక్కయ్య చెంపలు వాయించుకున్నది. అది తులసి కాదనీ, సబ్జాగింజల మొక్క ఆకు అనీ ఎంత చెప్పినా వినలేదు. కొత్తిమీరతో సరిపెట్టుకున్నాం.

పులుసు చిక్కబడ్డాక ఉండలు ఒక్కొక్కటే జారవిడిచాం. పది నిమిషాలు గరిటె పెట్టకూడదు. గిన్నెను అంచులు పట్టుకుని కదపాలి. పైన గట్టిపడ్డాక ఇక భయం లేదు. మూతపెట్టి మరో ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. నాటుకోడి గనుక మేము ఇంకో పావుగంట ఉంచాం.

ఇక పాస్తా. మూడు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు సన్నని బొంబాయిరవ్వ, నాలుగు గుడ్లు, ఉప్పు. నీళ్లు చిలకరించి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచాం. అక్కయ్య చపాతీకర్రతో పల్చగా పెద్దగా ఒత్తింది. తోడికోడలు పొడిపిండి చల్లి, మడతపెట్టి, కత్తితో రిబ్బన్లలాగా కోసింది. పిల్లవాడు ఒక్కొక్కటే విప్పి, ఉతికిన పంచె పరిచిన నవారు మంచం మీద ఆరబెట్టాడు. మంచం నిండా పసుపుపచ్చని తోరణాలు!

"ఇవి పాలతాలికలేరా. వినాయకచవితికి చేసేవే. బియ్యప్పిండి బదులు గోధుమపిండి, పాలూ బెల్లం బదులు పులుసు. దీనికింత పేరు పెట్టి నన్ను వారంరోజులు భయపెట్టారు" అన్నది అక్కయ్య.

విశాలమైన గిన్నెలో ఉప్పునీళ్లు తెర్లుతుండగా వేసి, నాలుగు నిమిషాలకు అన్నం వార్చినట్టే వార్చాం. వార్చిన నీళ్లు ఒక గరిటెడు పులుసులో పోశాం. దాంతో పులుసు తాలికలను అంటిపెట్టుకుంటుంది.

ఒక ముచ్చట చెప్పాలి. ఈ రెండూ కలిపి తినడం ఇటలీలో పూర్వం ఆచారం కాదు. అక్కడ ఉండలు వేరు, పాస్తా వేరు. 1880 తరువాత నలభై యేళ్లలో దక్షిణ ఇటలీ బీదజనం లక్షలకొద్దీ అమెరికా ఓడలెక్కారు. సొంత ఊళ్లో పండగనాడు తప్ప మాంసం ఎరగనివాళ్లు. అమెరికాలో మాంసం చవక. దొరికిన మాంసమూ, తెలిసిన పాస్తా, డబ్బా టొమాటోలూ ఒక గిన్నెలో కలిశాయి. ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాళ్లు కనిపెట్టిన వంట అన్నమాట. టెక్సాసు పిల్లవాడు ఇంటిమీద బెంగతో దాన్నే అడగడంలో వింతేమున్నది?

రాత్రి ఎనిమిదింటికి పీటలు వేశాం. పిల్లవాడి కంచంలో తాలికలు, వాటి మీద మూడు ఉండలు. మేమంతా అన్నాలు కలుపుకోకుండా వాడినే చూస్తున్నాం. ఒక ఉండ కొరికాడు. నమిలాడు. ఏమీ అనలేదు. రెండోది కొరికాడు.

"ఎట్లా ఉంది నాన్నా?" అన్నది అక్కయ్య. గొంతు కొంచెం వణికింది.

"మా అమ్మ చేసినట్టు లేదు" అన్నాడు. మా గుండెలు జారిపోయాయి. "కాని ఇంకా మూడు కావాలి" అన్నాడు.

అందరం ఒక్కసారిగా నవ్వాం. తోడికోడలు కూడా నవ్వింది. ఆమె తినకుండానే లేచి, "పొద్దుపోయింది అక్కా, ఆయన ఎదురుచూస్తుంటారు" అన్నది. అక్కయ్య ఒక స్టీలుగిన్నె నిండా తాలికలూ, ఉండలూ సర్ది మూతపెట్టి ఇచ్చింది. ఆమె తీసుకున్నది. బావగారు తలెత్తలేదు, వద్దని మాత్రం అనలేదు.

తెల్లవారేసరికి గిన్నె అరుగుమీద ఉన్నది. మనవైపు గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా! నిండా ఉసిరికాయలు ఉన్నాయి. గోడ అవతలి చెట్టువి. ఆ చెట్టు నాటింది మా బావగారేనట.

ఆ సాయంత్రం అందరం కారెంపూడి వెళ్లాం. ఏటా కార్తీక అమావాస్యతో మొదలై అయిదురోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క రోజుకూ ఒక్కొక్క పేరు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని భుజాన ధరించి, నాగులేటిలో స్నానం చేయించి, ఊరేగిస్తారు. పోయిన వీరులను ఊరి పెద్దలుగా తలచి వచ్చేవాళ్లు దూరదూరాలనుంచి వస్తారు. ఆ డప్పుల మోతా, ఆవేశమూ చూస్తే ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధం నిన్న జరిగినట్టు ఉంటుంది.

మూడోరోజు మందపోరు. ఆ రోజునే చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడనీ, కన్నమదాసు వంటి దళిత వీరుణ్ణి కన్నకొడుకుతో సమానంగా చూశాడనీ కథ. ఆ కాలానికి అది ఎంత సాహసమో ఆలోచించండి. ఈ జిల్లాలోనే వినుకొండలో 1895లో పుట్టిన జాషువా కవి పంక్తిభోజనాల దగ్గర పడిన అవమానాలు చదివితే, చాపకూడు ఎనిమిది వందల ఏళ్లయినా ఎందుకు మళ్లీ మళ్లీ వడ్డించవలసి వస్తున్నదో బోధపడుతుంది. యుద్ధం ఒకసారి చేస్తే చాలు. కలిసి తినడం మాత్రం ఏటేటా నేర్చుకోవాలి.

చాపలు పరిచారు. ఎవరు ఎవరి పక్కన అన్న విచారణ లేదు. నేను, అక్కయ్య, బావగారు, ఆయన పక్కన మనవడు కూర్చున్నాం. మనవడి అవతల చోటు ఖాళీగా ఉన్నది. ఆ చోట్లోకి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. తల దించుకునే ఉన్నాడు గాని పోలిక చూస్తే తెలిసిపోతుంది. బావగారి తమ్ముడు!

వడ్డన అయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఆయన పిల్లవాడితో అన్నాడు: "మొన్న మీ నాయనమ్మ పంపిన ఉండల్లో ఉప్పు ఒక పిసరు తగ్గిందని చెప్పరా."

పిల్లవాడు ఇటు తిరిగి, "తాతయ్యా, ఉప్పు తగ్గిందట" అన్నాడు.

బావగారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగారు. "నోటికి ఉప్పు ఎక్కువ అలవాటైతే రక్తపోటు వస్తుందని డాక్టరు చెప్పలేదూ అని అడగరా" అన్నారు.

"ఆయనకి మాత్రం లేదూ, ఆ మాటకొస్తే, అని చెప్పు."

"మాత్రలు వేసుకుంటున్నాడో లేదో అడుగు."

పిల్లవాడు అన్నం తినడం మానేసి, బంతి ఆట చూసేవాడిలాగా తల అటూ ఇటూ తిప్పుతూ మాటలు చేరవేశాడు. అలరాజు రాయబారం కంటె ఇది మంచి రాయబారం అనుకున్నాను. భోజనాలయ్యాక అన్నదమ్ములు విడివిడిగానే లేచారు. విడివిడిగానే ఇంటికి వచ్చారు. గోడ అట్లాగే ఉన్నది.

నాలుగోనాడు నేను గుంటూరు వచ్చేశాను. పిల్లవాణ్ణి తండ్రి వచ్చి తీసుకుపోయాడు. నెల తరువాత అక్కయ్య ఫోను చేసింది. పిల్లవాడు అమెరికాలో తల్లితో, కైమా ఉండల్లో పుట్నాలపప్పు పొడి వేయమని పేచీ పెడుతున్నాడట.

"ఆ స్టీలుగిన్నె ఏమైంది అక్కయ్యా?" అన్నాను.

"ఏమవుతుందిరా! ఉసిరికాయలకి నేను పచ్చడి పంపాను. పచ్చడికి వాళ్లు వెన్న పంపారు. వెన్నకి నేను గారెలు పంపాను. ఇవాళ అవతల ఉంది. రేపు ఏం వేసి పంపుతారో చూడాలి" అన్నది.